గ్రాండ్ క్యానియన్ అంచున ఒక పగలు

1540 సెప్టెంబర్‌లో గార్సియా లోపెజ్ దె కార్దెనాస్ అనే స్పెయిన్ సైనికాధికారి హోపీ తెగవాళ్లు దారి చూపిస్తుంటే రోజుల తరబడి నడిచి, ఒక పీఠభూమి అంచున ఆగిపోయాడు. ముందుకు నేల లేదు. ఎక్కడో అడుగున సన్నగా ఒక నీటిగీత కనిపించింది. ఆరడుగుల వెడల్పు వాగేమో అనుకున్నారు ఆయన మనుషులు. నీళ్ల దగ్గరికి దిగే దారి కోసం మూడు రోజులు అంచు వెంబడి వెతికారు. చివరికి వాళ్లలో చురుకైన ముగ్గురు దిగడం మొదలుపెట్టి, సాయంత్రం నాలుగింటికల్లా తిరిగొచ్చేశారు. దిగగలిగింది మూడో వంతే. పైనుంచి మనిషంత ఎత్తుగా కనిపించిన బండలు, దగ్గరికి వెళ్తే సెవిల్ నగరంలోని పెద్ద గోపురం కన్నా ఎత్తుగా ఉన్నాయని చెప్పారు.

గ్రాండ్ క్యానియన్‌ను చూసిన తొలి ఐరోపావాసుల అనుభవం ఇది. వాగనుకున్న ఆ కొలరాడో నది సగటు వెడల్పు 90 మీటర్లు.

ఇప్పుడు ఈ నేషనల్ పార్క్‌కు ఏటా దాదాపు 50 లక్షల మంది వస్తున్నారు. వాళ్ల కళ్లూ కార్దెనాస్ మనుషుల కళ్లలాగే మోసపోతాయి. చెట్టు, ఇల్లు, మనిషి లాంటి తెలిసిన కొలత ఏదీ పక్కన లేకపోతే మన చూపుకు దూరం అందదు. చాలామంది కారు దిగి, రెండు వ్యూపాయింట్లలో నాలుగు ఫొటోలు దిగి, మధ్యాహ్నానికల్లా వెనక్కి తిరుగుతారు. అలా చూసినవాళ్లకు లోయ ఒక పెద్ద తెరలా, వెనకాల వేలాడదీసిన బొమ్మలా మిగిలిపోతుంది. ఒక్క రోజును కాస్త జాగ్రత్తగా, కాళ్లకు పని చెబుతూ గడిపితే ఆ తెర లోపలికి వెళ్లవచ్చు. అదెలాగో చూడటానికి ఒక తెలుగు జంటను ఊహించుకుందాం. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇద్దరికీ ఉద్యోగాలు. అక్టోబర్‌లో, వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టారు. ముందురోజు రాత్రికే విలియమ్స్ ఊరికి చేరి హోటల్లో పడుకున్నారు. అక్కడి నుంచి లోయ అంచుకు గంట ప్రయాణం.

ఏ అంచుకు వెళ్లాలి?

బయల్దేరే ముందు విప్పుకోవాల్సిన చిక్కు ఒకటుంది. గ్రాండ్ క్యానియన్ పేరు మీద జనం వెళ్లే చోట్లు ప్రధానంగా మూడు. లాస్ వేగస్ నుంచి టూరు బస్సులు ఎక్కువగా తీసుకెళ్లే గాజువంతెన, అంటే స్కైవాక్, గ్రాండ్ క్యానియన్ వెస్ట్‌లో ఉంది. అది హువాలపాయ్ తెగ సొంత భూమి. 2007లో తెరిచిన ఆ వంతెనకు టికెట్ వేరు, నేషనల్ పార్క్‌తో దానికి సంబంధం లేదు. అమెరికా చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను వేగస్ నుంచి అక్కడికి తీసుకెళ్లి, పార్క్ చూపించేశామనుకునే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు.

రెండోది పార్క్‌లోని ఉత్తరపు అంచు, నార్త్ రిమ్. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. చలికాలమంతా మంచు వల్ల మూసేస్తారు. 2025 జులైలో డ్రాగన్ బ్రావో కార్చిచ్చు అక్కడి చారిత్రక గ్రాండ్ క్యానియన్ లాడ్జ్‌ను కాల్చేసింది.

మూడోది సౌత్ రిమ్, దక్షిణపు అంచు. ఎత్తు సుమారు 2,100 మీటర్లు, ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది, పార్క్‌కు వచ్చేవాళ్లలో అత్యధికులు వచ్చేది ఇక్కడికే. మన జంట గమ్యమూ ఇదే. ఇక్కడ నిలబడితే నార్త్ రిమ్ ఎదురుగానే ఉంటుంది. పక్షి ఎగిరితే 16 కిలోమీటర్లు. కారులో వెళ్లాలంటే మాత్రం లోయను చుట్టి 340 కిలోమీటర్లు, ఐదు గంటలు.

తొలి వెలుగు

ఆరు గంటలకే మాథర్ పాయింట్ దగ్గర జనం గుమిగూడారు. అక్టోబర్ తెల్లవారుజామున ఇక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. ఊటీకి దగ్గరగా ఎత్తు, దానికి తోడు ఎడారి గాలి. ఆమె శాలువా రెండు మడతలు వేసి కప్పుకుంది. ఆరున్నర దాటాక మొదటి కిరణం ఎదుటి శిఖరాల కొసలను తాకింది. కింద ఇంకా నీలిరంగు చీకటి. వెలుగు మెట్టు మెట్టుగా దిగుతుంటే, అప్పటిదాకా ఒకే గోడలా ఉన్నది పది గోడలుగా విడిపోయింది. ఒక్కో గోడ వెనక ఒక్కో నీడ.

తెల్లవారుజామునే రమ్మని చెప్పడానికి కారణం ఈ నీడలే. ఏటవాలు వెలుగులో ప్రతి గుట్ట తన నీడను వెనక గుట్ట మీద వేస్తుంది, దాంతో దేని వెనక ఏముందో కంటికి తెలుస్తుంది. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీడలు కుదించుకుపోతాయి, లోతు చదునుగా కనిపిస్తుంది, ఎరుపు వెలిసిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి ‘ఇంతేనా’ అని పెదవి విరిచినవాళ్లు ఆ వెలుగు వల్ల నష్టపోయినవాళ్లు.

“నది ఏదీ?” అని అతను చాలాసేపు వెతికాడు. ఇక్కడి నుంచి కనిపించేది చిన్న ముక్కే. నది పొడవునా కొలిస్తే లోయ 446 కిలోమీటర్లు. వెడల్పు అత్యధికంగా 29 కిలోమీటర్లు. లోతు 1.6 కిలోమీటర్లకు పైనే. కడప జిల్లాలో పెన్నా నది కోసిన గండికోట లోయను ‘ఇండియా గ్రాండ్ క్యానియన్’ అని పిలుచుకుంటాం. సుమారు మూడు వందల అడుగుల ఆ లోతు చూసి కళ్లు తిరిగినవాళ్లు, అలాంటి లోయలను పదిహేనుకు పైగా ఒకదాని కింద ఒకటి పేర్చుకుని చూసుకోవాలి.

మీటరుకు పది లక్షల ఏళ్లు

మాథర్ పాయింట్ నుంచి అంచు వెంబడే పడమటికి కిలోమీటరు నడిస్తే యవపాయ్ జియాలజీ మ్యూజియం వస్తుంది. 1928 నాటి ఈ రాతి కట్టడానికి చోటు ఎంచింది భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు. ఏ కిటికీలోంచి చూస్తే ఎక్కువ పొరలు స్పష్టంగా కనిపిస్తాయో లెక్క వేసి మరీ కట్టించారు. ఒక రోజు మాత్రమే ఉన్నవాళ్లు తప్పకుండా ఆగాల్సిన చోటు ఇది. ఇక్కడి నుంచి మొదలయ్యే నడక ఇంకా ముఖ్యం. దాని పేరు ట్రైల్ ఆఫ్ టైమ్. 2010లో తెరిచారు. గ్రాండ్ క్యానియన్ విలేజ్ దాకా సుమారు రెండు కిలోమీటర్లు, చదునైన బాట. నేలలో మీటరుకొక కంచు బిళ్ల బిగించారు. ఒక్కో మీటరు పది లక్షల సంవత్సరాలు. నడుస్తున్నకొద్దీ కాలంలో వెనక్కి పోతాం.

మన జంట మొదటి బిళ్ల మీద నిలబడ్డారు. ఆధునిక మానవుడి మూడు లక్షల ఏళ్ల చరిత్ర మొదటి ముప్ఫై సెంటీమీటర్లలో, ఒక జానెడున్నరలో ముగిసిపోయింది. ఇంకో ఐదారు మీటర్లు నడిచారు. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అంగీకరించే లెక్క ప్రకారం కొలరాడో నది ఈ లోయను కోయడం మొదలుపెట్టిన కాలం అక్కడ ఉంది, 50-60 లక్షల ఏళ్ల కిందట. ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు. లోయ వయసు తక్కువ. వయసు ఎక్కువున్నది రాళ్లకు.

66వ మీటరు దగ్గర డైనోసార్లు అంతరించిపోయాయి. అక్కడి నుంచి దాదాపు రెండు వందల మీటర్లు నడిస్తేగానీ, కాళ్ల కింద ఉన్న రాయి పుట్టిన కాలం రాదు. 270వ మీటరు దగ్గర, అంటే 27 కోట్ల ఏళ్ల కిందట, అంచు మీది కైబాబ్ సున్నపురాయి తయారైంది. అంటే లోయలో పైనున్న పొర, అన్నిటికన్నా వయసులో చిన్నది, డైనోసార్ల కన్నా ముందుది. అందుకే ఈ గోడల్లో డైనోసార్ ఎముకలు దొరకవు. దొరికేవి సముద్రజీవుల అచ్చులు. రెండు కిలోమీటర్ల ఎత్తున, ఎడారి మధ్యలో, అంచు మీది రాళ్లలో స్పాంజిలు, గవ్వలాంటి జీవులు గుర్తులు వదిలి వెళ్లాయి. ఇదంతా ఒకప్పటి లోతు తక్కువ సముద్రపు అడుగు. సుమారు ఏడు కోట్ల ఏళ్ల కిందట మొదలైన భూ ఉద్ధరణ ఆ అడుగును కొలరాడో పీఠభూమిగా పైకెత్తింది. ఎత్తు పెరగడంతో నదికి వాలు దొరికింది, వాలుతో వేగం, వేగంతో ఇసుకనూ బండరాళ్లనూ ఈడ్చుకుపోయే బలం వచ్చాయి. ఆ ఇసుకే ఆకురాయిగా పనిచేసి నేలను కోసింది.

నది కోసింది లోతును మాత్రమే. వెడల్పు మరొకరి పని. పగుళ్లలో చేరిన నీరు చలికాలం గడ్డకట్టి రాయిని చీలుస్తుంది. వేసవి కుంభవృష్టి చీలినదాన్ని కిందికి తోస్తుంది. సున్నపురాయి, ఇసుకరాయి లాంటి గట్టి పొరలు నిట్టనిలువుగా తెగి గోడలవుతాయి. మెత్తటి షేల్ పొరలు రాలి వాలులవుతాయి. గోడ, వాలు, మళ్లీ గోడ. లోయకు ఆ మెట్ల రూపం ఇలా వచ్చింది. మధ్యలో ఎర్రగా నిలబడిన గోడ పేరు రెడ్‌వాల్, వయసు 34 కోట్ల ఏళ్లు. నిజానికి ఆ సున్నపురాయి బూడిద రంగుది. పై పొరల్లోని ఇనుము వానకు కారి దానికి ఎరుపు పూసింది. అంచుకు కాస్త కింద తెల్లటి పట్టీలా కనిపించేది కొకొనినో ఇసుకరాయి. అది గాలి పోగేసిన ఇసుకతిన్నెల ఎడారి. ఆ తిన్నెల మీద నడిచిన ప్రాణుల అడుగుజాడలు రాయిలో అలాగే ఉన్నాయి.

దారి పక్కన నది దగ్గరి నుంచి తెచ్చిన రాళ్లను వయసు వారీగా నిలబెట్టారు. తాకవచ్చు. ఆమె ఒక్కో రాయి మీద అరచెయ్యి ఆనించుకుంటూ నడిచింది. ఐదు వందల మీటర్లు దాటాక టపీట్స్ ఇసుకరాయి వస్తుంది. లోయ అడుగున చాలాచోట్ల దీని కిందే విష్ణు షిస్ట్ అనే నల్లటి రాయి ఉంటుంది. దాని బిళ్ల కోసం 1,750వ మీటరు దాకా, ఇంకా కిలోమీటరుకు పైగా నడవాలి. పక్కపక్కన అతుక్కున్న రెండు రాళ్ల మధ్య దాదాపు 120 కోట్ల ఏళ్ల ఎడం. మధ్యలో ఏర్పడిన పొరలు టపీట్స్ రావడానికి ముందే కోసుకుపోయాయి. పుస్తకంలో చదివితే అదొక అంకె. అదే ఎడాన్ని పావుగంటకు పైగా నడిచి దాటితే కాళ్లకు అర్థమవుతుంది.

విష్ణు, శివ, బ్రహ్మ

లోయ అడుగున రాయికి విష్ణువు పేరేమిటని తెలుగువాళ్లు ఎవరైనా అడుగుతారు. అదొక్కటే కాదు, బ్రహ్మ షిస్ట్, రామ షిస్ట్ కూడా ఉన్నాయి. లోయ మధ్యలో లేచిన శిఖరాల్లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, దేవ టెంపుల్, కృష్ణ ష్రైన్, రామ ష్రైన్, బుద్ధ టెంపుల్, జొరాస్టర్ టెంపుల్ ఉన్నాయి. ఈ ఒరవడి పెట్టినవాడు క్లారెన్స్ డటన్. సైన్యంలో అధికారి, అమెరికా జియలాజికల్ సర్వేలో శాస్త్రవేత్త. 1882లో ఈ ప్రాంతం మీద ఆయన రాసిన గ్రంథం భూవిజ్ఞానంలో ఇప్పటికీ మేటి రచనల్లో ఒకటి. అంతస్తులు అంతస్తులుగా పైకి సన్నబడుతూ పోయే ఆ శిఖరాలు ఆయనకు తూర్పు దేశాల ఆలయాల్లా కనిపించాయి. తర్వాత పటాలు గీసినవాళ్లు అదే దారిలో ఇంకెన్నో పేర్లు చేర్చారు. మన గోపురాలు చూసి పెరిగిన కళ్లకు డటన్ పోలిక ఎక్కడా బలవంతంగా అనిపించదు.

శివ టెంపుల్‌కు ఒక చిన్న చరిత్ర ఉంది. నార్త్ రిమ్ నుంచి తెగి విడిగా నిలబడిన ఆ శిఖరం మీద చదునైన అడవి ఉంది. వేల ఏళ్లుగా వేరుపడిన ఆ అడవిలో జంతువులు కొత్త రూపం దాల్చి ఉంటాయా అని 1937లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ బృందం పైకెక్కింది. పత్రికలు ‘లుప్త ప్రపంచం’ అంటూ హోరెత్తించాయి. తీరా చూస్తే అక్కడివి అంచు మీద తిరిగే జంతువుల్లాంటివే.

వాళ్లు వెతికిన విచిత్రం అసలు లోయకు అటూ ఇటూ కళ్లముందే ఉంది. దక్షిణపు అడవిలో కుచ్చుచెవుల ఏబర్ట్ ఉడుత, బూడిద రంగు తోకతో. ఉత్తరపు అడవిలో దాని దగ్గరి చుట్టం కైబాబ్ ఉడుత, ముదురు ఒళ్లు, తెల్లటి తోక. లోయ మధ్యలో అడ్డంగా ఉండి ఒకే జాతిని రెండు తీరులుగా విడదీసింది.

లోయను నమ్ముకున్న జంటలు

పదకొండింటికి మన జంట విలేజ్ చేరారు. 1901లో శాంటా ఫే రైలు ఇక్కడికి వచ్చాకే ఈ ఊరికి ఊపొచ్చింది. విలియమ్స్ నుంచి ఆ మార్గంలో ఇప్పుడు పర్యాటకుల రైలు నడుస్తోంది. 1905లో కట్టిన ఎల్ తోవార్ హోటల్, దాని ఎదుట హోపీ హౌస్. హోపీ హౌస్ లాంటి కట్టడాలు ఎన్నిటికో నమూనా గీసిన వాస్తుశిల్పి మేరీ కాల్టర్, ఆ వృత్తిలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న రోజుల మనిషి. కొండచరియలోంచే మొలిచినట్టు గోడలు ఉండాలని ఆమె పట్టుబట్టేది. 1935లో కట్టిన బ్రైట్ ఏంజెల్ లాడ్జ్‌లో ఆమె పెట్టించిన పొయ్యి చూడదగ్గది. నది ఒడ్డు రాయి అడుగున, అంచు రాయి పైన, లోయలో ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో రాళ్లు పేర్చారు. ట్రైల్ ఆఫ్ టైమ్ నడిచి వచ్చినవాళ్లు ఆ పొయ్యిని పాఠంలా చదవగలరు.

నాలుగడుగుల దూరంలో కొండ అంచుకు అతుక్కున్నట్టుండే చెక్క ఇల్లు కోల్బ్ స్టూడియో. ఎల్స్‌వర్త్, ఎమరీ అనే అన్నదమ్ములు 1904 ప్రాంతంలో మొదలుపెట్టారు. కంచరగాడిదలెక్కి లోయలోకి దిగేవాళ్లను బాట మలుపులో ఫొటో తీయడం వాళ్ల వ్యాపారం. అంచు మీద ఫిల్మ్ కడగడానికి శుభ్రమైన నీళ్లు లేవు. ఎమరీ ఏడు కిలోమీటర్లు కిందికి పరుగెత్తి, అక్కడి ఊట దగ్గర ఫొటోలు కడిగి, మూడు వేల అడుగులు మళ్లీ ఎక్కి, యాత్రికులు తిరిగొచ్చేసరికి అమ్మకానికి సిద్ధంగా ఉంచేవాడు. ఎమరీ, భార్య బ్లాంచ్ ఈ ఇంట్లోనే కాపురం చేశారు. అన్నదమ్ములు 1911-12లో నదిలో పడవ ప్రయాణం చేసి తీసిన సినిమాను ఎమరీ 1976లో చనిపోయేదాకా ఇక్కడే ఆడించాడు.

నదిని జయించాలని వచ్చినవాళ్ల కథల్లోనూ భార్యాభర్తలు తగులుతారు. 1869లో తనతో కలిపి పదిమందితో, నాలుగు పడవలతో ఈ లోయను నీటి మీద దాటిన జాన్ వెస్లీ పావెల్‌కు కుడిచెయ్యి లేదు, అంతర్యుద్ధంలో పోయింది. ముందు నడిచే పడవకు ఆయన పెట్టిన పేరు ఎమ్మా డీన్, భార్య పేరు. మూడు నెలల తర్వాత గమ్యం చేరింది ఆరుగురే. ఒకరు మొదట్లోనే తప్పుకోగా, ముగ్గురు చివర్లో నదిని వదిలి కాలినడకన బయల్దేరి మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

ఇంకో జంట కథ విషాదం. గ్లెన్, బెస్సీ హైడ్ కొత్తగా పెళ్లైనవాళ్లు. 1928 అక్టోబర్‌లో గ్లెన్ స్వయంగా చేసిన చెక్కపడవలో బయల్దేరారు. గట్టెక్కి ఉంటే ఈ లోయను పడవలో దాటిన తొలి మహిళ బెస్సీయే. నవంబర్‌లో బాట ఎక్కి పైకొచ్చి ఎమరీని కలిశారు. లైఫ్ జాకెట్లు ఇస్తానంటే వద్దన్నారు. డిసెంబర్‌లో పడవ దొరికింది, తిరగబడకుండా, సామాన్లతో సహా. ఆ ఇద్దరూ మాత్రం ఏమయ్యారో తేలలేదు. పదేళ్లకు, 1938లో, ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ అనే వృక్షశాస్త్రవేత్తలు పడవలో ఈ లోయను దాటిన మొదటి మహిళలయ్యారు; లోయలోని మొక్కల జాబితానూ వెంట తెచ్చారు.

దిగడం తేలిక

స్టూడియో పక్కనే బ్రైట్ ఏంజెల్ ట్రైల్ మొదలవుతుంది. “నది దాకా వెళ్లొద్దామా?” అని అతను అడిగాడు. ప్రతి రోజూ ఎవరో ఒకరికి పుట్టే ఆలోచన ఇది. ఒక్కరోజులో నది దాకా దిగి ఎక్కవద్దని రేంజర్లు దారి మొదట్లోనే బోర్డులు పెట్టారు. కొండెక్కేటప్పుడు ముందు అలసిపోతాం, తర్వాత సులువు. లోయలో కథ తిరగబడుతుంది: సులువు ముందు, కష్టం తర్వాత. దిగిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోవాలి. పైగా కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. అంచు మీద చల్లగా ఉన్న రోజున కూడా అడుగున పది డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. నడివేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. నీళ్లు తక్కువై, ఉప్పు తగ్గి కూలబడిన వందల మందిని ఏటా రక్షించాల్సి వస్తోంది.

అందుకని మన జంట రెండో సొరంగం దాకా, కిలోమీటరుకు కాస్త పైన, దిగాలని ఒప్పుకున్నారు. మొదటి సొరంగం దగ్గర తలెత్తితే బండ మీద ఇక్కడి తెగల పూర్వికులు వేసిన ఎర్రటి బొమ్మలు కనిపిస్తాయి. అక్కడి నుంచి అంచు మీద మనుషులు చీమల్లా కనిపించారు. పొద్దున్నుంచీ కంటికి దొరకని కొలత ఇప్పుడు దొరికింది. కంచరగాడిదల వరస ఎదురైతే కొండవైపు ఒదిగి, కదలకుండా నిలబడాలి. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎక్కడానికి నిజంగానే రెట్టింపు సమయం పట్టింది.

పైకొచ్చి కుళాయి దగ్గర సీసాలు నింపుకున్నారు. ఆ నీళ్లకూ ఒక చరిత్ర ఉంది. సౌత్ రిమ్‌లో తాగునీటి ఊట లేదు. నార్త్ రిమ్ కింద గోడలోంచి దూకే రోరింగ్ స్ప్రింగ్స్ నీటిని 20 కిలోమీటర్ల గొట్టం లోయ అడుగుకు దించి, నది దాటించి ఇవతలి వాలుకు తెస్తుంది. అక్కడి నుంచి పంపులు పైకి తోస్తాయి. 1960ల్లో వేసిన ఆ గొట్టం 2010 తర్వాతే 85 సార్లకు పైగా పగిలింది. కొత్త ఏర్పాట్లు జరుగుతున్నాయి. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లమ్మడం పార్క్‌లో 2012లోనే ఆపేశారు, కాబట్టి సీసా వెంట తెచ్చుకోవాలి.

ఈ లోయ ఎవరిది?

బ్రైట్ ఏంజెల్ ట్రైల్‌ను మొదట నడిచింది హవసుపాయ్ తెగవాళ్లు. ఎమరీ ఫొటోలు కడిగిన ఊట దగ్గర వాళ్లు పంటలు పండించేవాళ్లు. తర్వాత రాల్ఫ్ కామెరాన్ అనే వ్యాపారి అదే బాటకు గేటు పెట్టి మనిషికి డాలర్ చొప్పున వసూలు చేశాడు. 1908లో ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. 1919 ఫిబ్రవరి 26న నేషనల్ పార్క్ చట్టం వచ్చింది. లోయ గనుల నుంచి, ప్రైవేటు గేట్ల నుంచి క్రమంగా బయటపడింది. ఊట దగ్గర మిగిలిన చివరి హవసుపాయ్ వ్యక్తిని మాత్రం 1928లో అక్కడి నుంచి పంపేశారు. 1975లో ఆ తెగకు 1,85,000 ఎకరాలు తిరిగి దక్కాయి. ఇండియన్ గార్డెన్ అని పిలిచిన ఆ చోటికి 2022లో హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు. పక్క లోయలోని వాళ్ల ఊరు సుపాయ్‌కి ఇప్పటికీ ఉత్తరాలు కంచరగాడిదల మీదే వెళ్తాయి. ఈ లోయతో తరతరాల బంధమున్న తెగలు మొత్తం 11 అని పార్క్ గుర్తించింది. లోయను రక్షించిన చరిత్ర గొప్పదే; ఆ రక్షణకు వీళ్లు చెల్లించిన ధర కూడా చూసినవాళ్లకే ఆ చరిత్ర పూర్తిగా తెలుస్తుంది.

తూర్పుకు నలభై కిలోమీటర్లు

తెచ్చుకున్న పులిహోర తిని, రెండున్నరకు కారు తీశారు. డెజర్ట్ వ్యూ డ్రైవ్ అంచు వెంబడి తూర్పుకు 40 కిలోమీటర్లు సాగుతుంది. మధ్యలో తుసయాన్ అనే చోట 1185 ప్రాంతంలో కట్టుకున్న చిన్న ఊరి పునాదులు ఉన్నాయి. ముప్ఫై మంది దాకా, సుమారు ఇరవై ఏళ్లు ఇక్కడ బతికారు. పక్క మ్యూజియంలో లోయ గుహల్లో దొరికిన బొమ్మలు ఉన్నాయి. ఒకే పుల్లను చీల్చి, వంచి, చుట్టి చేసిన జింకలవి. మూడు నాలుగు వేల ఏళ్ల నాటివి.

డెజర్ట్ వ్యూలో మేరీ కాల్టర్ 1932లో కట్టించిన 70 అడుగుల కావలి బురుజు ఉంది. లోపల ఉక్కు చట్రం, పైన పాతకాలపు ప్యూబ్లో తెగల బురుజులను చదివి ఒక్కో రాయి ఎంచి పేర్చిన గోడ. లోపలి గోడల మీద హోపీ చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ తమ తెగ కథలను గీశాడు. ఆమె మెట్లెక్కి ఆ చిత్రాల దగ్గరే అరగంట ఉండిపోయింది. పై కిటికీల నుంచి నది పెద్ద వంపు, తూర్పున నవాహో తెగ భూములు, రంగుల ఎడారి కనిపిస్తాయి. ఈ దిక్కున, ఆకాశంలో, 1956 జూన్ 30న రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాతే, 1958లో, అమెరికా విమానయానాన్ని పర్యవేక్షించే జాతీయ సంస్థ ఏర్పడింది.

సూర్యాస్తమయానికి కొంచెం వెనక్కి, లిపాన్ పాయింట్‌కు వచ్చారు. పొద్దున కనిపించని నది ఇక్కడ మైళ్ల పొడవునా కనిపిస్తుంది. దాని ఒడ్డున ఉన్కార్ అనే మైదానంలో పూర్వపు ప్యూబ్లో రైతులు సాగు చేశారు. పొద్దున ట్రైల్ మీద ఖాళీగా దాటిన కాలంలోని కొన్ని పొరలు కూడా ఇక్కడ మిగిలాయి. మిగతా పొరలన్నీ అడ్డంగా పరచుకుంటే ఇవి ఏటవాలుగా వంగి ఉన్నాయి. ఆ వంపును అతనే ముందు గుర్తుపట్టి చూపించాడు.

నీళ్లు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. పావెల్ చూసింది బురద మోసే ఎర్రటి నది. 1963లో ఎగువన గ్లెన్ క్యానియన్ ఆనకట్ట గేట్లు మూసినప్పటి నుంచి బురద జలాశయంలోనే ఆగిపోతోంది. లోతు నుంచి వదిలే నీరు చల్లగా, తేటగా వస్తోంది. వెచ్చటి బురదనీటికి అలవాటుపడ్డ హంప్‌బ్యాక్ చబ్ అనే చేప ప్రమాదంలో పడింది. ఇసుక ఒడ్డులు కరిగాయి. ఒడ్డులు మళ్లీ నింపడానికి 1996 నుంచి అప్పుడప్పుడు ఆనకట్ట నుంచి కృత్రిమ వరద వదులుతున్నారు.

అంచు మీదుగా కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందు ఒకటి తేలుతూ వెళ్లింది. చాపిన రెక్కలు దాదాపు మూడు మీటర్లు, రెక్క మీద నంబరు బిళ్ల. 1982లో ప్రపంచం మొత్తం మీద ఈ పక్షులు 22 మిగిలాయి. పట్టి, పెంచి, 1996లో అరిజోనాలో వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు మొత్తం 500 దాటాయి. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసపు గుళ్లు ఇప్పటికీ వాటికి పెద్ద ముప్పు.

పార్క్ టికెట్ ఏడు రోజులు చెల్లుతుంది, కాబట్టి వీలుంటే మరో రోజు కలుపుకోవడం తెలివైన పని. ఒక్క రోజులో మిగిలిపోయేది ముఖ్యంగా హెర్మిట్ రోడ్. పడమటికి 11 కిలోమీటర్లు, పావెల్ స్మారకం, హోపీ పాయింట్ దాని మీదే. మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లను అటు రానివ్వరు. ఉచిత షటిల్ బస్సులో ఒక పాయింట్ దగ్గర దిగి, అంచు వెంబడి నడిచి, తర్వాతి పాయింట్ దగ్గర మళ్లీ ఎక్కవచ్చు. రాత్రి ఉండగలిగితే ఆకాశం ఉంది. 2019లో ఈ పార్క్‌కు అంతర్జాతీయ డార్క్ స్కై గుర్తింపు వచ్చింది. అడుగుదాకా వెళ్లాలనుకునేవాళ్లకు నది దగ్గర కాల్టర్ 1922లో కట్టించిన ఫాంటమ్ రాంచ్ ఉంది. కాలినడకన, కంచరగాడిద మీద, లేదా పడవలో తప్ప చేరలేం. గదులకు ఏడాదికి పైగా ముందే లాటరీ తీస్తారు. మన జంట ఆ రాత్రి విలియమ్స్ హోటల్లో కూర్చుని ఇద్దరి పేర్లూ ఆ లాటరీలో నమోదు చేశారు. పేరు వస్తే రెండు రోజుల నడక కాబట్టి, వచ్చే వారం నుంచే ఫీనిక్స్‌లోని సౌత్ మౌంటెన్ ఎక్కడం మొదలుపెట్టాలని ఆమె అంది. నీళ్ల సంచులు కొనే పని తనది అన్నాడు అతను.